భయము విడువని భక్తుడు: విలియం కూపరు జీవితము

చదువవలసిన వాక్యభాగములు: 88వ కీర్తన, రోమా 3:21–26



88వ కీర్తనను మన గ్రామ సంఘములలో చదువగా విన్నవారు తక్కువ. మేమును ఇన్నేండ్ల సేవలో దానిమీద ఒక్క ప్రసంగమైనను చేయలేదు. తక్కిన విలాప కీర్తనలలో ఎంత దుఃఖమున్నను, చాలవరకు అంతములో ఒక స్తోత్రమో ఒక నిరీక్షణయో కనబడును. ఈ కీర్తన అట్లు కాదు. తన రక్షణకర్తయైన దేవునికి మొఱ్ఱపెట్టుటతో మొదలై, చీకటిలోనే ముగియును. అయినను దానిని వ్రాసినవాడు మొఱ్ఱపెట్టుట మానలేదు.

ఈ నెల ఆ కీర్తనను తలంచుకొనుటకు కారణము రెండేండ్ల క్రిందట మేము చేసిన ఒక తప్పు. మన వీర్నపల్లి చుట్టుపట్ల, సిరిసిల్ల మొదలుకొని కోరుట్ల, జగిత్యాల వరకు, దుబాయికో మస్కటుకో పోయినవారు లేని వాడ లేదు. అట్టి ఇంటి తల్లి ఒకతె కూటములకు వచ్చుచుండెను. పగలు బీడీలు చుట్టును, రాత్రి నిద్రపోదు. ఫోను మ్రోగిన గుండె దడ, మ్రోగకున్న మరింత దడ. అప్పులవాండ్లు వత్తురేమో, పెనిమిటికి అక్కడ ఏమాయెనో, పిల్లకు జ్వరము తగులునేమో. కారణమున్న దినమునను భయమే, కారణము లేని దినమునను భయమే. ఇది ఒక నెలది కాదు, ఆరేడేండ్లది. ఆమె మాతో చెప్పుకొనగా మేము మత్తయి సువార్త 6వ అధ్యాయము తెరచి, చింతపడుట అవిశ్వాసమనియు, విశ్వాసముంచినయెడల భయము పారిపోవుననియు గట్టిగా చెప్పి పంపితిమి. ఆమె తల వంచుకొని వినెను. తరువాత నాలుగు ఆదివారములు రాలేదు. మా ఇంటివారు వెళ్లి అడుగగా, భయపడువారికి దేవునియొద్ద చోటు లేదని అయ్యగారే చెప్పిరి గదా, ఇక వచ్చి ఏమి లాభమని ఆమె అనెనట. మేము అట్లు చెప్పలేదు. అయితే ఆమెకు వినబడినది అదే.

ఆ రాత్రి మాకు జ్ఞాపకము వచ్చినవాడు విలియం కూపరు. సెమినరీలో సంఘచరిత్ర చదువుకొనునప్పుడు కీర్తనకారుల వరుసలో ఆయన పేరు ఒక్క పంక్తిలో వినియుంటిమి. తరువాత ఆయన జీవితమును శ్రద్ధగా చదివితిమి. ఆయన మన దేశస్థుడు కాడు. చనిపోయి రెండువందల ఏండ్లు దాటినది. అయినను ఆయన కథ మన వాడకట్టులో జరిగిన కథవలె తోచెను గనుక మీకును చెప్పుచున్నాము.

1731వ సంవత్సరము నవంబరు నెలలో ఇంగ్లండు దేశమునందలి బెర్క్‌హాంస్టెడ్ అను ఊరిలో కూపరు పుట్టెను. తండ్రి ఆ ఊరి సంఘ కాపరి. ఏడుగురు పిల్లలలో ఇద్దరే బ్రదికిరి. 1737లో, కూపరుకు ఆరేండ్లు నిండవచ్చుచుండగా, తమ్ముని కని తల్లి చనిపోయెను. ఈ దుఃఖము ఆయనను ఎన్నడును విడువలేదు. 1790లో, ఆయన ముసలితనమునకు దగ్గరపడినప్పుడు, బంధువురాలొకతె ఆ తల్లి చిత్రపటమును పంపెను. ఆయన దానిని ముద్దుపెట్టుకొని, రాత్రి కన్ను మూయకముందు చివర కనబడునట్లును, ఉదయము కన్ను తెరవగానే మొదట కనబడునట్లును గోడకు తగిలించుకొనెను.

తల్లి పోయిన పిమ్మట తండ్రి ఆయనను దూరముగా ఒక బడిలో ఉంచెను. అక్కడ పదునైదేండ్ల పోకిరి బాలుడొకడు ఈ పసివానిని ఎవరికిని తెలియకుండ హింసించుచుండెను. కూపరు వాని ముఖమువైపు కన్నెత్తి చూచుటకు వెరచి, మోకాళ్లకు పైన ఎన్నడును చూడలేదు గనుక, వాని బూట్ల కొక్కెములను బట్టి వాడు వచ్చుచున్నాడని గుర్తుపట్టెడివాడు. ఆ సంగతి బయటపడి వానిని బడినుండి వెళ్లగొట్టిరి గాని, పసివాని లోపల పుట్టిన భయమును ఎవరు వెళ్లగొట్టగలరు? పిల్లలను దూరపు హాస్టళ్లలో చేర్చిన తల్లిదండ్రులు సెలవులకు వచ్చినప్పుడు మార్కులు మాత్రమే అడుగక, ఎవరికైనను భయపడుచున్నావా అనియు అడుగుట మంచిదని మా మనవి.

తరువాత వెస్ట్‌మినిస్టర్ అను పెద్ద బడిలో బాగుగా చదివెను. లండను నగరములో న్యాయశాస్త్రము నేర్చి 1754లో న్యాయవాదియాయెను. ఇరువది రెండేండ్లు నిండకముందే మొదటిసారి గొప్ప కుంగుబాటు కలిగి కొన్ని నెలలు బాధించెను. పినతండ్రి కుమార్తె థియోడోరాను పెండ్లాడగోరెను గాని, పినతండ్రి ఒప్పుకొనలేదు. ఆమె జీవితాంతము పెండ్లి లేక ఉండిపోయెను, ఈయనయు అంతే.

ఇక 1763వ సంవత్సరపు సంగతి. బంధువు ఒకడు ఆయనకు మంచి ఉద్యోగము చూపెను. పార్లమెంటులోని ప్రభువుల సభకు సంబంధించిన దస్త్రములను వ్రాసి భద్రపరచు గుమాస్తా పని. జీతము మంచిది, కష్టము కొంచెము. అయితే ఎదుటి పక్షమువారు అడ్డుతగిలి, ఈయనను సభ యెదుట నిలువబెట్టి పరీక్షింపవలెనని పట్టుపట్టిరి. నలుగురిలో నిలువబడి మాటలాడుట కూపరుకు చావుతో సమానము. ఆయన నెలల తరబడి దినదినము ఆ కచేరికి వెళ్లి దస్త్రములు ముందు పెట్టుకొని కూర్చుండెను. కన్నులు చదువుచుండెను, మనస్సునకు ఒక్క మాటయు ఎక్కలేదు. దినము దగ్గరపడినకొలది భయము పెరిగెను. చివరకు తన ప్రాణమును తానే తీసుకొనుటకు ప్రయత్నించెను. దేవుని దయవలన అది జరుగలేదు. పరీక్ష జరుగలేదు, ఉద్యోగమును పోయెను. ఆ మీదట ఆయనకు ఇంకొక భయము పట్టుకొనెను: ఇట్టి పాపము చేయబోయినందున దేవుడు తనను శాశ్వతముగా త్రోసివేసెనని.

అప్పుడు ఆయన తమ్ముడును బంధువులును చేసిన పనిని మీరు గమనింపవలెనని కోరుచున్నాము. ఆయనను తిట్టలేదు, దాచలేదు, దయ్యము పట్టెనని ఎవరియొద్దకును ఈడ్చుకొనిపోలేదు. సెంట్ ఆల్బన్స్ అను ఊరిలో నథానియేలు కాటన్ అను వైద్యుడు ఇట్టి రోగులకు ఇల్లు నడుపుచుండగా, 1763 డిసెంబరులో అక్కడ చేర్చిరి. (ఈ కాటన్ వేరు, గోదావరికి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర వేరు.) ఆ దినములలో మతి చెడినవారిని గొలుసులతో కట్టి కొట్టుట సామాన్యము. డాక్టరు కాటన్ మృదువుగా మాటలాడువాడు, భక్తిపరుడు, తానును పద్యములు వ్రాయువాడు. కూపరు అక్కడ ఏడాదిన్నర ఉండెను. 1764 వేసవిలో ఒకనాడు కిటికీ దగ్గర కూర్చుండి బైబిలు తెరువగా రోమా పత్రిక 3వ అధ్యాయము 25వ వచనము కనబడెను. క్రీస్తు రక్తమునందలి విశ్వాసముద్వారా దేవుడు ఏర్పరచిన ప్రాయశ్చిత్తమును గూర్చిన వచనమది. అది తనకే వ్రాయబడినట్లు ఆయనకు తోచి, సంతోషముచేత కన్నీరు విడిచెను. ఆ సంతోషము ఎంత గొప్పదనగా, ఈయనకు మరల పిచ్చి ముదురుచున్నదేమోనని వైద్యుడే కొంత భయపడెను.

ఇక్కడ ఆపినయెడల మనము సాధారణముగా వినుచుండు సాక్ష్యమువలె ఉండును. రోగము వచ్చెను, వాక్యము చదివెను, స్వస్థత కలిగెను. మేమును సెమినరీలో ఇంతవరకే వింటిమి. ఆయన కథ ఇక్కడ ఆగలేదు.

1765లో వైద్యుని ఇల్లు విడిచి హంటింగ్డన్ అను ఊరికి వచ్చి, అన్విన్ అను పాదిరి కుటుంబముతో కాపురముండెను. రెండేండ్లకు పాదిరి గుర్రముమీదనుండి పడి చనిపోయెను. విధవరాలైన మేరీ అన్విన్ కూపరుకంటె ఏడేండ్లు పెద్దది, తల్లివంటిది. ఆ కుటుంబముతోకూడ ఆయన 1767లో ఓల్నీ అను ఊరు చేరెను. అక్కడి పాదిరి జాన్ న్యూటన్. ఒకప్పుడు బానిసలను ఓడలలో మోసిన కప్తాను, తరువాత మారుమనస్సు పొందినవాడు; మన యౌవనస్థులు పాడు అమేజింగ్ గ్రేస్ పాట వ్రాసినవాడు ఆయనే.

ఓల్నీ బీదల ఊరు. ఆడవారును చిన్నపిల్లలును దినమంతయు వంగి కూర్చుండి దారముతో లేసు అల్లి పొట్టపోసికొనెడివారు. బీడీల చాటను ఒడిలో పెట్టుకొని వంగి కూర్చుండు మన అక్కచెల్లెండ్రను, సాంచెలయొద్ద రేయింబవళ్లు నిలువబడు సిరిసిల్ల నేతవారిని చూచిన మీకు ఆ ఊరు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. మనకు ఆ ఊరితో ఇంకొక సంబంధమును ఉన్నది. విలియం కేరీ 1785లో ఆ ఊరి బాప్టిస్టు సంఘములోనే చేరి, అక్కడనుండియే బోధకుడుగా పంపబడెను. ఆయన 1793లో మన దేశమునకు వచ్చెను. బంగాళములోని సేరంపూరు అచ్చుకూటమునుండి 1814లో ఆయన తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు వెలువడెను. ఆ కేరీ ఇంటిలోను ఇట్టి దుఃఖమే ఉండెను. ఆయన భార్య డొరతీ, ఇక్కడ బిడ్డను పోగొట్టుకొని మతి చలించి, 1807లో చనిపోవువరకు పన్నెండేండ్లు బాధపడెను. దైవసేవకుల ఇండ్లకు ఇట్టివి రావని ఎవరైనను చెప్పినయెడల నమ్మకుడి.

న్యూటన్, కూపరు ఇండ్ల మధ్య ఒక తోట ఉండెను. దానిగుండ నడచుటకు ఏటికి ఒక గినీ నాణెము ఇచ్చి, ఇద్దరును ప్రతిదినము కలిసికొనుచుండిరి. కలిసి రోగులను చూచిరి, బీదల ఇండ్లలో ప్రార్థించిరి. సంఘములో పాడుటకు ఇద్దరును కీర్తనలు వ్రాసిరి. అవి 1779లో ఓల్నీ కీర్తనలను పేరుతో అచ్చాయెను. 348 కీర్తనలలో 60కి పైగా కూపరువి. న్యూటన్ మంచి కాపరియే, అయితే ఒక్క విషయములో మాకును ఆయనకును ఒకటే లోపమని తోచుచున్నది. ఈ బిడియస్థుని కూటములలో గట్టిగా ప్రార్థించుమని అడుగుచుండెను. అట్టి దినమున కూపరు ముందుగా గంటల తరబడి గుండె దడతో ఉండెడివాడట. పని చెప్పుట మేలే; మనిషిని ఎరిగి చెప్పవలెను.

1773వ సంవత్సరము ఆరంభములో భయము మరల వచ్చెను, మునుపటికంటె కఠినముగా. ఒక రాత్రి కలలో, నీ పని ముగిసెను, నీకు నిరీక్షణ లేదని దేవుడే చెప్పినట్లు ఆయన వినెను. మెలకువ వచ్చినను ఆ కల పోలేదు. ఆ దినము మొదలుకొని ఇరువదియేడేండ్లు, చనిపోవువరకు, అది ఆయనను విడువలేదు. తాను ప్రార్థించుట దేవునికి ఇష్టము కాదని నమ్మి ఆరాధనకు వెళ్లుట మానెను. ఇతరులు రక్షింపబడుదురని ఆయనకు సందేహము లేదు. తాను ఒక్కడే త్రోసివేయబడినట్లు తోచెను. మీలో కొందరికి ఈ మాట క్రొత్త కాదని మేము ఎరుగుదుము.

ఆ ఏప్రిలులో ఒక సాయంకాలము కూపరు న్యూటన్ ఇంటికి వచ్చి, ఆ రాత్రికి అక్కడనే ఉండెదననెను. మరునాడు వెళ్లనొల్లలేదు. ఒక్క రాత్రికి వచ్చినవాడు ఏడాదికి పైగా ఉండెను. మేరీ అన్విన్ కూడ వచ్చి దగ్గర ఉండి కనిపెట్టెను. ఆ కాలములో మరల ఒకసారి ప్రాణము తీసుకొనబోగా ఆపిరి. తరువాతి కాలమున కొందరు, న్యూటన్ కఠిన బోధవలననే కూపరు మతి చెడెనని వ్రాసిరి. మేము అట్లు తలంచము. న్యూటన్‌ను ఎరుగకముందే ఆ రోగము రెండు మారులు వచ్చియుండెను. ఏడాదికాలము భోజనపు బల్లయొద్ద మౌనముగా ఏడ్చు అతిథిని భరించిన కాపరి బోధను ఆ ఏడాదిని బట్టి కూడ తూచవలెను గదా.

1774 వేసవికి కొంచెము తేలికయాయెను. ఏ పుస్తకమును చదువలేడు, ఎవరితోను మాటలాడలేడు, చేతులు మాత్రము ఊరక ఉన్నవి. పొరుగింటి పిల్లలు ఒక కుందేలు పిల్లను తెచ్చుకొని, ఆడుకొని విసిగి, దానికి తిండి పెట్టుట మరచిరి. వారి తండ్రి దానిని కూపరుకు ఇచ్చెను. ఆయన సంతోషించెనని విని ఊరివారు మరికొన్ని తెచ్చి ఇచ్చిరి. మూటిని ఉంచుకొని పుస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టెను. పేర్లు ఆడపేర్లవలె ఉన్నను మూడును మగవే. వాటికి తానే చెక్కతో గూళ్లు చేసెను. ఉదయము తోటలో విడిచి, సాయంకాలము గదిలోనికి తెచ్చెడివాడు. పుస్ జబ్బుపడగా మూడు దినములు దానికి సేవచేసి బాగుచేసెను. అది కృతజ్ఞతతో ఆయన చేతిని నాకెను. టైనీ మాత్రము చివరవరకు కోపిష్ఠి, ముట్టుకొన్న కాలితో కొట్టును. దేవుడు తనను విడిచెనని నమ్మిన మనిషి మూడు కుందేళ్లను విడువలేదు.

గూళ్లు చేసిన చేతులకు పని అలవాటాయెను. బల్లలు, పీటలు, పిట్టల పంజరములు చేసెను. తోట త్రవ్వెను. అద్దముల చట్టములు బిగించి, ఆ చలిదేశములో దోసకాయలు, కర్బూజాలు పండించెను. తెల్లవారుజామున భయముతో లేచినప్పుడు, ఈ దినము ఎట్లు గడచునని గాక, ఈ దినము నీళ్లు పోయవలసినది ఏ మొక్కకని చూచుకొనెడివాడు. మేమిది ఊరక చెప్పుట లేదు. భయము పోవువరకు పని ఆపినవారిని చూచితిమి. వారి భయము పోలేదు, పనియు పోయెను.

తరువాత ఉత్తరములు. ఓల్నీ విడిచి లండను వెళ్లిన న్యూటన్‌కు, మేరీ కుమారునికి, బంధువులకు ఎన్నో ఉత్తరములు వ్రాసెను. వాటిలో తన చీకటిని దాచలేదు. అదే కాగితముమీద దోసకాయల సంగతి, పిల్లి చేసిన అల్లరి కూడ వ్రాసెను. ఇంగ్లీషు భాషలో అంత చక్కని ఉత్తరములు తక్కువని పండితులు చెప్పుదురు.

1780 చలికాలములో మేరీ అన్విన్ ఆయనను పద్యములు వ్రాయుమని ప్రోత్సహించెను. అప్పటికి ఆయన వయస్సు దాదాపు ఏబది. 1782లో మొదటి పుస్తకము వచ్చెను. ఆ సంవత్సరమే ఒక సాయంకాలము ఆయన మిక్కిలి కుంగియుండగా, లేడీ ఆస్టిన్ అను స్నేహితురాలు జాన్ గిల్పిన్ అను బట్టల వ్యాపారి కథ చెప్పెను. పెండ్లినాటి పండుగకని అప్పు తెచ్చిన గుర్రమెక్కి బయలుదేరగా, అది భార్యాపిల్లలు కాచుకొనియున్న ఊరు దాటి పది మైళ్లు పరుగెత్తి, మరల వెనుకకు తిరిగి ఇల్లు చేరినదాక ఆగలేదు. (సిరిసిల్ల బట్టల సేట్లు ఈ కథ విన్న నవ్వుదురో కోపపడుదురో.) కూపరు ఆ రాత్రి నిద్రలేక నవ్వుచు, మరునాటికి దానిని పద్యముగా కట్టెను. దేశమంతయు నవ్వెను. మిక్కిలి నవ్వు పుట్టించు మాటలు తాను మిక్కిలి దుఃఖములోనున్నప్పుడే వ్రాసితినని ఆయన తరువాత స్నేహితునికి తెలిపెను. 1785లో ది టాస్క్ అను పెద్ద కావ్యము వెలువడి ఆయనకు గొప్ప కీర్తి తెచ్చెను. 1788లో బానిసవ్యాపారమునకు విరోధముగా వ్రాసిన పద్యములు ఊరూర పంచబడెను. గ్రీకు కవి హోమరు కావ్యములను 1784 చివర మొదలుపెట్టి, దినమునకు కొన్ని పంక్తుల చొప్పున ఇంగ్లీషులోనికి తిప్పి, 1791లో అచ్చువేయించెను. నడుమ 1787లో ఆరు నెలలు మరల చీకటి కమ్మెను. లేచి, విడిచిన పంక్తినుండి మొదలుపెట్టెను.

ఇదంతయు జరుగుచుండగా ఓల్నీ బీదలనుగూర్చి ఆయనకు చింత ఉండెను. ఒక ధనవంతుడు పేరు చెప్పవద్దని డబ్బు పంపగా, కూపరును మేరీయు ఎవరికి దుప్పటి లేదో ఎవరికి రొట్టె లేదో చూచి పంచిరి. తనకు పరలోకములో చోటు లేదనుకొనిన మనిషి ఈ లోకములో ఇతరుల చలిని చూచెను.

మేరీ అన్విన్‌ను గూర్చి ఒక మాట. ఆమె పద్యము వ్రాయలేదు, ప్రసంగము చేయలేదు. ముప్పదియొక్క ఏండ్లు ఒక భయస్థుని ప్రక్కన కూర్చుండెను. ఆయన మాటలాడినప్పుడు వినెను, మాటలాడనప్పుడు దారము వడకుచు అల్లుచు కూర్చుండెను. 1791 డిసెంబరులోను, 1792 మేలోను ఆమెకు పక్షవాతము వచ్చెను. అప్పుడు వంతు మారెను. కూపరు హోమరును ప్రక్కన పెట్టి, చేయి పట్టుకొని ఆమెను నడిపించెను. చివరకు ఇద్దరును నిస్సహాయులు కాగా, జాన్సన్ అను యౌవనస్థుడైన బంధువు 1795లో వారిని నార్ఫోక్ ప్రాంతమునకు తీసుకొనిపోయెను. 1796 డిసెంబరు 17న మేరీ డీరహాం అను ఊరిలో చనిపోయెను. కూపరు ఆమె ముఖమును ఒక్కసారి చూచి, ఆ తరువాత ఆమె పేరు ఎన్నడును ఎత్తలేదు.

1799లో ఒక ఓడప్రయాణ గ్రంథములో, తుఫానులో సముద్రమున పడిపోయిన నావికుని, తోడివారు చూచుచుండియు రక్షింపలేకపోయిన సంగతి జ్ఞాపకము చేసికొని, చివరి పద్యము వ్రాసెను. అందులో వెలుగు లేదు. 1800 ఏప్రిలు 25న కన్ను మూసెను. చనిపోయిన తరువాత ఆయన ముఖమునందు శాంతమును, ఏదో చూచి ఆశ్చర్యపడినట్టి భావమును కనబడెనని దగ్గరనున్న జాన్సన్ తెలిపెను. దానిమీద మేమేమియు కట్టము. కూపరు బ్రదికిన దినములలో భయము పోలేదనుట నిజము. దానిని మార్చి చెప్పనక్కరలేదు. దేవుడు తన్ను పట్టుకొనలేదని ఆయన తలంచెను. అది ఆయన తలంపు. ఆయన వ్రాసిన కీర్తనలు పాడి ఎందరో భయస్థులు ధైర్యము తెచ్చుకొనుచుండిరి, ఇప్పటికిని తెచ్చుకొనుచున్నారు.

కూపరు కాలమున డాక్టరు కాటన్ వంటివారు అరుదు. ఇప్పుడు అట్లు కాదు. ఈ భయమును కుంగుబాటును రోగములని వైద్యులు గుర్తింతురు, మందులున్నవి, ఓపికగా విని మాటలాడువారున్నారు. చక్కెర వ్యాధికి గోలీ మింగువానికి విశ్వాసము లేదని మనలో ఎవరును అనము. దీనికి మాత్రము ఎందుకు అనవలెను? 2022 మొదలుకొని ప్రభుత్వమువారు టెలిమానస్ అను ఉచిత ఫోను సహాయము ఏర్పరచిరి; 14416 నొక్కిన తెలుగులోనే మాటలాడవచ్చును, రాత్రియైనను. బ్రదుకు వద్దనిపించు తలంపు వచ్చినవారు తెల్లవారువరకు ఆగవద్దు. ఆ ఫోను చేయుడి, లేదా మా తలుపు తట్టుడి. మేము వచనము తెరచుటకు ముందు వినెదము. ఇది మేము నేర్చుకొన్నాము.

ఆ తల్లియొద్దకు మేమును మా ఇంటివారును వెళ్లితిమి. అరుగుమీద కూర్చుండి, మేము చెప్పినది తప్పని ఒప్పుకొంటిమి. ఆమె బీడీలు చుట్టుట ఆపలేదు. మా ఇంటివారు కూడ ఒక చాట అందుకొని తునికాకు కత్తిరింపసాగిరి. కూపరు కథ ఇంత పొడుగున చెప్పితిమి. ఆమె కీర్తనలనుగూర్చి అడుగలేదు, కలనుగూర్చి అడుగలేదు. పెనిమిటి ఇంకను మస్కటులోనే ఉన్నాడు, భయమును ఇంకను ఉన్నది. సిరిసిల్ల డాక్టరుయొద్దకు మా ఇంటివారితోకూడ వెళ్లుటకు ఒప్పుకొనెను. ఇప్పుడు ఆదివారము వచ్చి తలుపు దగ్గర కూర్చుండుచున్నది, గుండె దడ వచ్చిన బయటికి వెళ్లి మరల వచ్చుచున్నది.

ఆ దినమున మేము లేచి బయలుదేరుచుండగా ఆమె ఒక్కటే అడిగెను: ఆ కుందేళ్లు ఎన్నేండ్లు బ్రదికినవని. బెస్ చిన్నతనములోనే పోయెననియు, కోపిష్ఠి టైనీ తొమ్మిదేండ్ల వరకు ఉండెననియు, పుస్ పన్నెండేండ్లకు ఒక్క నెల తక్కువగా బ్రదికి, ముసలితనముచేత, నొప్పి లేక చనిపోయెననియు చెప్పితిమి.